లెక్క అడిగే గొంతు

నిద్రలో గొంతు వెనుక ఉన్న మెత్తని కండరాలు సడలి, శ్వాసమార్గం మూసుకొనిపోయి, కనీసం పది సెకన్లపాటు ఊపిరి ఆగడం, ఆక్సిజన్ తగ్గగానే మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొల్పడం, ఇదే తంతు రాత్రంతా సాగడాన్ని వైద్యులు స్లీప్ ఆప్నియా అంటారు. ఇటువంటి అంతరాయాలు గంటకు 30కి చేరితే వ్యాధి తీవ్రమైనట్టు. గురకను గాఢనిద్రగా భావించే ఇళ్లలో ఇది ఏళ్ల తరబడి బయటపడదు; ఉదయపు తలనొప్పి, పట్టపగటి కునికిపాట్లు, మందులకు లొంగని రక్తపోటు మాత్రం వెంటాడుతుంటాయి. సన్నటివారికీ ఇది రావచ్చు గానీ, మెడలోను నాలుకలోను చేరే కొవ్వు ఆ దారిని మరింత ఇరుకు చేస్తుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో జరిగి 2000లో వెలువడిన పరిశీలన ప్రకారం, బరువు పదోవంతు తగ్గితే ఈ అంతరాయాలు సుమారు 26 శాతం తగ్గుతాయి.

తిరువళ్ళూరు, తిరుత్తణిల నడుమ రహదారిపై ఉన్న కనకమ్మ సత్రం వంటి ఊళ్లకు తిరిగివచ్చే మాజీ సైనికుడు ఈ వ్యాధికి సులభంగా చిక్కుతాడు. జవాను సాధారణంగా నలభై ఏళ్ల ప్రాంతంలోనే పింఛను పుచ్చుకొని వస్తాడు. పటాలంలో తెల్లవారుజామున పి.టి., సాయంత్రం రోల్‌కాల్, వైద్యపరీక్షలో బరువు లెక్క ఉండేవి. ఇంటికి చేరిన మరునాటినుంచి అడిగే దిక్కు లేదు, ఆకలి మాత్రం పరేడ్ మైదానం నాటిదే. క్రమశిక్షణ తన రక్తంలోనే ఉందని అతడు నమ్ముతాడు గానీ, అందులో సగం లెక్క అడిగిన హవల్దారుదని గ్రహించడు.

ఆ అడిగే గొంతును ఇప్పుడు ఫోనులో ఏర్పాటు చేసుకోవచ్చు. అమెరికా మాజీ సైనికుల వైద్యశాఖ ‘మూవ్’ అనే బరువు నియంత్రణ కార్యక్రమాన్ని ఫోను ద్వారా కూడా నడుపుతోంది. మన రక్షణశాఖ 2021 మే నెలలో ప్రారంభించిన ‘సేహత్’ ద్వారా మాజీ సైనికులు ఇంటినుంచే సైనిక వైద్యులను సంప్రదించవచ్చు. అయితే వైద్యుడు ఎప్పుడో ఒకసారి కనబడతాడు, కంచం పూటపూటకూ ఎదురవుతుంది. కనుక వారానికొకసారి, అదే రోజు, అదే గంటకు, పటాలంలో కలిసి పనిచేసిన మిత్రునికో, ఆరోగ్య కార్యకర్తకో ఫోను చేసి లెక్క అప్పజెప్పాలి. ఆదివారం ఉదయం, కాలకృత్యాలు తీర్చుకొన్నాక, కాఫీకి ముందు, లుంగీ బనియనుతో తూకపు యంత్రమెక్కి, ముల్లు నిలిచినచోటి అంకెను నోటుపుస్తకంలో రాయాలి. పక్కనే ఆ వారం రాత్రి భోజనాల వేళలు రాయాలి. ఫోనులో ఆ పుట ఉన్నదున్నట్టు చదవాలి. అంకె పెరిగిన వారం ఫోను చేయకపోవడం పిరికితనం, అది సైనికునికి తగదు. వినేవాడు తిట్టరాదు, పొగడరాదు; “మరి బుధవారం రాత్రి ఏం జరిగింది?” అని మాత్రం అడగాలి. రాత్రి తొమ్మిది దాటాక అన్నపు గిన్నెవైపు నడిచే కాళ్లను ఆపడం ఎంత కష్టమో ఈ వ్యాసకర్తకు తెలుసు. ఆదివారం చెప్పుకోవలసి వస్తుందన్న ఎరుక ఆపినంతగా ఏ పథ్యపు పట్టికా ఆ కాళ్లను ఆపలేదు.

ఆ సంభాషణ తెలుగులో సాగడం ముఖ్యం. 1960 ఏప్రిల్ వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి ప్రాంతంలో ఇంట్లో తెలుగు, కచేరీలో తమిళం, పటాలంలో హిందీ మాట్లాడిన మనిషికి కేలరీల పట్టిక కంటే “సంకటి ఎన్ని ముద్దలు?” అన్న ప్రశ్న సూటిగా తగులుతుంది.

మిగతావి తెలిసినవే: పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రి భోజనం పెందలకడ ముగించడం, పురుషుల నడుము 90 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవడం, వైద్యుడు సరేనంటే తిరుత్తణి కొండ 365 మెట్లు మెల్లగా ఎక్కడం. సైనిక క్యాంటీనులో రమ్ము చౌకగా దొరుకుతుందని రోజూ పుచ్చుకొనేవారు, అది గొంతు కండరాలను ఇంకా సడలిస్తుందని తెలిసీ మానకపోతే, ఎవరిని నిందించాలి?

గాలిని ఒత్తిడితో పంపి శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచే సీప్యాప్ యంత్రాన్ని కొన్ని కిలోలు తగ్గిన ఉత్సాహంలో అటకెక్కించరాదు. మళ్లీ నిద్రపరీక్ష చేయించుకొని, వైద్యుడు చెప్పాకనే దానిని మానాలి, ఆదివారపు ఫోనును అప్పుడు కూడా మానరాదు.