విద్యుత్ ఏకచక్రి - పరిమాణమా? పరిష్కరణమా?

సూర్యుని రథానికి ఒకే చక్రమని మన ప్రాచీన కవులు వర్ణించారు. ఒంటి చక్రం మీద రథం ఎట్లు నిలుచునన్న సందేహం ఆనాటి శ్రోతలకు కలిగినదో లేదో గాని, ఒంటి చక్రం మీద మనిషిని నిలిపి పరుగెత్తించే యంత్రాన్ని ఆధునిక సాంకేతిక శాస్త్రం సృష్టించింది. ఒక చక్రం, దాని ఇరుప్రక్కలా పాదాలు మోపుటకు రెండు పలకలు, లోపల మోటారు, బ్యాటరీ - ఇదే దాని స్వరూపం. చేతితో పట్టుకొని నడుపుటకు హ్యాండిల్ ఉండదు. దీనిని ఎలక్ట్రిక్ యూనిసైకిల్ అంటారు. ఈ వ్యాసంలో మేము 'విద్యుత్ ఏకచక్రి' అని వ్యవహరిస్తాము.

ఈ యంత్రాన్ని నిర్మించేవారి ముందు నేడు రెండు మార్గాలున్నవి. ఉన్న నమూనాలోని లోపాలను ఒక్కొక్కటిగా సవరించి మెరుగుపరచటం మొదటిది. మునుపటి దానికంటె పెద్దదిగా, బరువుగా, వేగంగా పోయే కొత్త నమూనాను తయారుచేయటం రెండవది. వీటిలో ఏది శ్రేయస్కరం?

సాహిత్య బోధకులకు యంత్రాలతో పని ఏమని విద్యార్థులు అడుగవచ్చును. నిజానికి ఈ ప్రశ్న మాకు కొత్తది కాదు. ఉర్దూ కవితా సంప్రదాయంలో శిష్యుడు వ్రాసిన గజల్‌ను ఉస్తాద్ సరిదిద్దటాన్ని 'ఇస్లాహ్' అంటారు. తెలుగులో దానినే పరిష్కరణమంటాము. ఉన్న పద్యాన్ని పరిష్కరించటమా, మరి నూరు పద్యాలు చేర్చి గ్రంథాన్ని లావు చేయటమా అన్నది ప్రతి కవికీ ఎదురయ్యే సమస్యయే. అయితే పద్యం చెడితే చెవికి మాత్రమే బాధ. ఈ యంత్రం చెడితే ఎముకలు విరుగుతాయి. అందుచేత విషయాన్ని కొంత శ్రద్ధతో పరిశీలించవలసి ఉన్నది.

నిలిచే విధానం

బాల్యంలో అరచేతి మీద కర్రను నిలబెట్టి ఆడుకొననివారు అరుదు. కర్ర ముందుకు ఒరిగితే చేతిని ముందుకు జరుపుతాము. వెనుకకు ఒరిగితే వెనుకకు జరుపుతాము. ఆధారం ఎప్పుడూ కర్ర క్రిందనే ఉండేటట్లు చూచుకుంటాము. ఏకచక్రి చేసేదీ ఇదే. మనిషి ముందుకు వంగగానే లోపలి జైరోస్కోప్ ఆ వంపును గుర్తిస్తుంది. మోటారు వెంటనే చక్రాన్ని ముందుకు త్రిప్పి అతని క్రిందికి చేరుస్తుంది. వెనుకకు వంగితే వేగం తగ్గుతుంది. ప్రక్కలకు పడిపోకుండా నిలదొక్కుకొనటం మాత్రం సైకిల్ మీద వలె మనిషి స్వయంగా అభ్యసించవలసిన విద్య.

ఇక్కడ ఒక ముఖ్య విషయం గమనింపదగినది. సైకిల్ గొలుసు తెగితే బండి కొంతదూరం దొర్లి ఆగుతుంది. ఏకచక్రిలో మోటారు శక్తియే నడక, అదే నిలకడ కూడా. ఆ శక్తి క్షణకాలం చాలకపోయినా మనిషి ముందుకు పడిపోతాడు. రెండవ ఆధారం లేదు. ఈ యంత్రం మంచిచెడ్డలను నిర్ణయించే ప్రతి చర్చ ఇక్కడి నుండియే మొదలు కావలెను.

పెరిగిన తీరు

అమెరికాలో డీన్ కామెన్ 2001 డిసెంబరులో ప్రదర్శించిన సెగ్వేకు ప్రక్కప్రక్కన రెండు చక్రాలుండేవి. ట్రెవర్ బ్లాక్‌వెల్ 2004లో తనంతట తాను నిలిచే ఒంటిచక్రపు బండిని నిర్మించాడు. షేన్ చెన్ రూపొందించిన సోలోవీల్ 2011లో విపణికి వచ్చింది. అది సుమారు 12 కిలోల బరువుతో, గంటకు సుమారు 16 కిలోమీటర్ల వేగంతో పోయేది. నడకకు తోడుగా, చేత పట్టుకొని మెట్లెక్కగల వాహనంగా అది జన్మించింది. తరువాత చైనా తయారీదారులు, ముఖ్యంగా షెంజెన్ ప్రాంతంవారు, ఈ రంగంలో ముందుకు వచ్చారు.

ఆపైన పెరుగుదల వేగంగా సాగింది. 2016 నాటి ఇన్‌మోషన్ వి8 బరువు సుమారు 14 కిలోలు. బ్యాటరీ 480 వాట్-గంటలు. అనగా మన ఇంటి మీటరు లెక్కలో సుమారు అర యూనిట్ విద్యుత్తు. 2020లో వచ్చిన వెటరన్ షెర్మన్ బ్యాటరీ 3,200 వాట్-గంటలు. బరువు సుమారు 35 కిలోలు. 2023 నాటి ఇన్‌మోషన్ వి13 బరువు సుమారు 50 కిలోలు. అది ఒక సిమెంటు బస్తా బరువు. మెట్లెక్కించటం మాట అటుంచి, గడప దాటించటమే ప్రయాస.

పెద్ద నమూనాల పక్షాన ఒక వాదం

ఈ పెరుగుదల కేవలం ఆడంబరమని కొట్టివేయటం న్యాయం కాదు. దీని వెనుక ఒక శాస్త్రీయ కారణం ఉన్నది. మోటారు తిరిగేటప్పుడు తానే ఒక డైనమో వలె పనిచేసి, బ్యాటరీకి ఎదురుగా ఒక వోల్టేజిని పుట్టిస్తుంది. వేగం హెచ్చిన కొద్దీ ఈ ఎదురు వోల్టేజి హెచ్చుతుంది. రెండింటి మధ్య మిగిలిన తేడాయే మోటారుకు బలం. ఒక హద్దుకు చేరేసరికి ఆ తేడా దాదాపు శూన్యమవుతుంది. అప్పుడు చిన్న గుంత ఎదురైనా మనిషిని నిలుపుటకు యంత్రంలో సత్తువ ఉండదు. బ్యాటరీ తరిగిన కొద్దీ వోల్టేజి పడిపోయి, ఈ అపాయం మరింత తక్కువ వేగంలోనే ఎదురవుతుంది.

కనుక వోల్టేజిని పెంచారు. నిండుగా ఛార్జి అయిన లిథియం సెల్ వోల్టేజి 4.2. అటువంటివి 20 వరుసగా కలిపితే 84 వోల్టులు, 24 కలిపితే 100.8, 30 కలిపితే 126. ఈ మూడు మెట్లనూ తయారీదారులు కొద్ది సంవత్సరాలలోనే ఎక్కారు. సెల్‌లు పెరిగితే బరువు పెరుగుతుంది. కాని మోటారుకు మిగులు బలం కూడా పెరుగుతుంది. ఈ వాదంలో సత్యం ఉన్నది.

అయితే అసలు చిక్కు ఇక్కడనే వచ్చింది. పెరిగిన బలాన్ని భద్రత కొరకు దాచి ఉంచక, గరిష్ఠ వేగాన్ని పెంచుటకు ఖర్చు చేశారు. గంటకు 25 కిలోమీటర్ల వద్ద ఆగవలసిన బండి 50కి, ఆపైన 70కి మించి పోసాగింది. వేగంతోబాటు ఎదురు వోల్టేజి కూడా పెరిగి, మిగులు మళ్ళీ మొదటికే వచ్చింది. జీతం పెరిగినప్పుడల్లా ఖర్చు పెంచుకొనేవానికి నెలాఖరున చేతిలో ఏమీ మిగలనట్లే ఇదీ.

పతనం మాత్రం మొదటి వలె ఉండదు. 80 కిలోల మనిషి 15 కిలోల బండి మీద 25 కిలోమీటర్ల వేగంతో పోతున్నాడనుకొందాము. అదే మనిషి 50 కిలోల బండి మీద 75 కిలోమీటర్ల వేగంతో పోతే, వేగం మూడు రెట్లు కనుక చలనశక్తి తొమ్మిది రెట్లవుతుంది. మొత్తం బరువు 95 నుండి 130 కిలోలకు పెరిగినది గనుక ఫలితం పన్నెండు రెట్లు దాటుతుంది. పడినవాని శరీరం మాత్రం పన్నెండు రెట్లు గట్టిపడదు. మనిషి పడిన తరువాత దొర్లిపోయే ఆ 50 కిలోల ఇనుము దారిన పోయే అమాయకునికి తగిలితే అతని గతి ఏమి?

పరిష్కరణ మార్గం

'పిట్ట కొంచెం, కూత ఘనం' అన్నది మన సామెత. ఇన్‌మోషన్ సంస్థ తన వి8 నమూనాను విడిచిపెట్టక సవరిస్తూ వచ్చింది. 2022లో వి8ఎస్ వచ్చేసరికి బ్యాటరీ 480 నుండి 728 వాట్-గంటలకు పెరిగింది. బరువు మాత్రం 16 కిలోల చేరువలోనే నిలిచింది. సెల్‌ల తయారీలో వచ్చిన ప్రగతి ఇటువంటి ఫలితాలకు తోడ్పడుతున్నది. 18 మిల్లీమీటర్ల వ్యాసం గల పాత సెల్‌లో సుమారు మూడున్నర ఆంపియర్-గంటలు పట్టేచోట, 21 మిల్లీమీటర్ల కొత్త సెల్‌లో సుమారు ఐదు పడుతున్నవి. సెల్‌ల సంఖ్యను పెంచకుండానే శక్తిని పెంచవచ్చునని దీనివలన తెలుస్తున్నది.

సవరింపదగినవి ఇంకా ఎన్నో కలవు. వర్షపు నీరు లోపలికి చొరకుండా అంచులను బిగించటం, సెల్‌ల వోల్టేజిని వరుసవారీగా గమనించి లోపాన్ని ముందే తెలిపే వ్యవస్థను అమర్చటం, బలం తరుగుతున్నప్పుడు పలకలను వెనుకకు వంచి మనిషిని హెచ్చరించే పద్ధతిని నమ్మదగినదిగా చేయటం వీటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ ప్రకటనలో పెద్ద అక్షరాలతో కనిపించేది కాదు. కాని ఒక్కొక్కటి ఒక్కొక్క ప్రాణాన్ని కాపాడగలదు.

మరొక సంగతి. ఒకే నమూనా కొన్ని సంవత్సరాలు నిలిస్తే దాని లోపాలు బయటపడి సరిచేయబడతాయి. విడిభాగాలు దొరుకుతాయి. మరమ్మతు చేసేవానికి చేయి తిరుగుతుంది. ఏటికొక కొత్త నమూనా వస్తే ఆ అవకాశం ఉండదు. డబ్బిచ్చి కొన్నవాడే పరీక్షకుడవుతాడు. ఆ పరీక్ష అతని మోకాళ్ళ మీద జరుగుతుంది.

చట్టం కూడా చిన్నవాటి పక్షమే వహిస్తున్నది. సింగపూర్‌లో ఇటువంటి వాహనం 20 కిలోల బరువును, గంటకు 25 కిలోమీటర్ల వేగాన్ని మించరాదు. ఫ్రాన్స్ 2019లో వీటిని చట్టంలో గుర్తించి, అదే 25 కిలోమీటర్ల హద్దు పెట్టింది. జర్మనీ అదే సంవత్సరం చేసిన నిబంధనలు పట్టుకొనుటకు కడ్డీ ఉన్న వాహనాలకే వర్తిస్తాయి గనుక ఏకచక్రికి వాటిలో చోటు దొరకలేదు. సమాజం ఒక కొత్త వాహనాన్ని భయపడుతూనే స్వీకరిస్తుంది. ఆ భయాన్ని తగ్గించటం తయారీదారుల చేతిలోనే ఉన్నది.

ముగింపు

బరువు పెరిగిన ప్రతిసారీ తప్పు జరిగినదని మా అభిప్రాయం కాదు. 2020లో వచ్చిన ఇన్‌మోషన్ వి11 సుమారు 27 కిలోలు తూగినా, అందులో కొంత బరువు గుంతల దెబ్బను మ్రింగే సస్పెన్షన్ కొరకు చేరినది. అది సార్థకమైన బరువు. పెరిగిన ప్రతి కిలోనూ 'నీవు ఎందుకు వచ్చితివి?' అని ప్రశ్నించవలెను. మనిషిని నిలుపుటకని జవాబు వస్తే ఉంచవలెను. అంకెలను పెంచుటకని వస్తే తీసివేయవలెను. ఇదే మేము ప్రతిపాదించే కొలబద్ద.

విద్యార్థి మిత్రులారా! మీలో రేపు ఇంజనీర్లు కాబోయేవారున్నారు, కవులు కాబోయేవారూ ఉన్నారు. ఇరువురికీ ఒకే మాట చెప్పదలచినాము. కొత్తది ప్రారంభించటంలో ఉత్సాహం ఉన్నది. ఉన్నదానిని పరిష్కరించటంలో ఓర్పు ఉన్నది. మొదటిదానికి చప్పట్లు త్వరగా లభిస్తాయి. రెండవదానికి చప్పట్లుండవు. ఆ యంత్రమెక్కిన మనిషి సాయంకాలానికి క్షేమంగా ఇల్లు చేరుతాడు, అంతే. అంతకు మించిన బహుమతి ఏ శిల్పికి కావలెను?