పాఠం: రోగికి సేవ – ఆపరేషన్ అయిన కుక్క ఇంట్లో ఉన్నప్పుడు

ధమ్మ మిత్రులారా, ఈ పాఠం కరుణ గురించి. 'అయ్యో పాపం' అనుకోవడంతో కరుణ అయిపోదు. చేతులు పని చెయ్యాలి, ఆ పని నేర్చుకోవాలి. మన విశాఖలో చాలా ఇళ్లలో ఎదురయ్యే ఒక సందర్భాన్ని తీసుకుని చూద్దాం. పెంచుకున్న కుక్కకో, వీధిలో రోజూ అన్నం పెట్టే కుక్కకో ఆపరేషన్ అయింది, ఇంటికి తెచ్చారు. ఇప్పుడేం చెయ్యాలి?

"మనుషులకే దిక్కు లేదు, కుక్కకు సేవలా?" అని మన పేటల్లో పెద్దవాళ్లు అడుగుతారు. ఆ ప్రశ్న వెనక బాధ ఉంది. మహాడ్ చవదార్ చెరువులో పశువులు తాగే నీళ్లు మనవాళ్లు ముట్టకూడదన్నారు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. 1931 ఆగస్టులో గాంధీగారిని కలిసినప్పుడు, కుక్కల కన్నా, పిల్లుల కన్నా హీనంగా మమ్మల్ని చూసే దేశాన్ని నాదని ఎలా అనుకోను అని నిలదీశారు. ఆయన అడిగింది మనిషికి దక్కాల్సిన గౌరవం. పశువు నోటి దగ్గర నీళ్లు లాగెయ్యమని ఎక్కడా అనలేదు. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో మనకిచ్చిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది ఏమిటి? అన్ని ప్రాణుల మీద దయ, కరుణ చూపి కాపాడతామని. ఆ రోజు మనం మాటిచ్చిన లెక్కలో కుక్క కూడా ఉంది.

వినయ పిటకంలోని మహావగ్గలో ఒక సంఘటన ఉంది. ఒక భిక్షువు విరేచనాల జబ్బుతో తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. తోటి భిక్షువులెవరూ పట్టించుకోలేదు. బుద్ధుడు చూశాడు. ఆయన నీళ్లు పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఒకరు తల, ఒకరు కాళ్లు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. నాకు సేవ చెయ్యాలనుకునేవాడు రోగికి సేవ చెయ్యాలని అప్పుడే చెప్పాడు. రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన ఐదు గుణాలూ అక్కడే ఉన్నాయి. వాటిని మన సందర్భానికి పెట్టి చూద్దాం.

ఒకటి, మందు ఇవ్వడం తెలియాలి. డాక్టరు రాసిన మందు రాసిన వేళకు, రాసినన్ని రోజులూ వెయ్యాలి. హుషారు వచ్చిందని మధ్యలో ఆపొద్దు. మన మాత్రలు కుక్కకు వెయ్యొద్దు. పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి దానికి విషం.

రెండు, ఏది మేలో ఏది కీడో తెలియాలి. మొదటి రాత్రి మత్తు పూర్తిగా దిగదు. మంచం మీద కాకుండా నేల మీద ఉతికిన పాత దుప్పటి వేసి పడుకోబెట్టండి. బాగా తెలివి వచ్చాక కొద్దికొద్దిగా నీళ్లు, తర్వాత కొంచెం తిండి. కుట్లు మానేదాకా, అంటే సుమారు 10 నుంచి 14 రోజులు, స్నానం వద్దు, పరుగు వద్దు, మెట్లు ఎక్కనివ్వద్దు. నాకితే కుట్లు ఊడతాయి, అందుకే మెడకు గరాటు లాంటి ప్లాస్టిక్ కాలర్ వేస్తారు. చూడ్డానికి జాలేసినా తియ్యొద్దు. పుండు మీద పసుపు, బూడిద, కాఫీ పొడి చల్లొద్దు. పోర్టు పక్క పేటల్లో బొగ్గు దుమ్ము, ఊరంతా ఉక్క, ఈగలు. ఈగ వాలిన పుండులో పురుగులు పడతాయి. కాబట్టి దాన్ని ఇంటి లోపలే ఉంచండి. రోజుకు రెండుసార్లు కుట్లు చూడండి. మొదట్లో కొద్దిపాటి ఎరుపు, వాపు ఉంటాయి. చీము, చెడు వాసన, ఆగని రక్తం, విడిపోయిన కుట్లు, పాలిపోయిన చిగుళ్లు, ఒక రోజు దాటినా తిండి ముట్టకపోవడం – వీటిలో ఏది కనిపించినా వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మూడు, లాభం కోసం కాకుండా మైత్రితో చెయ్యాలి. కుక్క మనకి తిరిగి ఏమీ ఇవ్వదు. నొప్పిలో కరవొచ్చు కూడా. కరిస్తే కోపం వద్దు, అలక్ష్యం అసలే వద్దు. కరిచిన చోట సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోండి.

నాలుగు, మలమూత్రాలకూ వాంతికీ అసహ్యపడకూడదు. ఇక్కడ ఆగి ఆలోచించండి. ఈ దేశం పెంట ఎత్తే పనిని కొన్ని కులాల నెత్తిన పెట్టి, ఆ పని చేసినందుకే వాళ్లని అంటరానివాళ్లన్నది. బుద్ధుడు ఆ పనికి తనే చెయ్యి వేశాడు. పుట్టుకతో ఎవరికీ రాసిపెట్టిన పని కాదది. మరి మన ఇంట్లో? కుక్క వాంతి చేసుకుంటే "అమ్మ చూసుకుంటుందిలే" అంటూ మగవాళ్లు సెల్‌ఫోన్ పట్టుకు కూర్చుంటే, కులం పద్ధతి మన గుమ్మం లోపలే మిగిలినట్టు. వంతులు వేసుకోండి. స్టీల్ ప్లాంటులో నైట్ షిఫ్టు చేసొచ్చే తండ్రికీ ఒక వంతు ఉండాలి.

ఐదు, ధమ్మపు మాటతో ధైర్యం చెప్పాలి. కుక్కకు ధమ్మం అర్థం కాదు, గొంతు అర్థమవుతుంది. నెమ్మదిగా పిలవండి, పక్కన కూర్చోండి. పిల్లలు కేకలెయ్యకుండా చూడండి. ఆ పిల్లలే ధమ్మం వింటారు.

వీధికుక్కల విషయం కూడా తెలుసుకోండి. 2023 నిబంధనల ప్రకారం వాటికి సంతానం కలగకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. చెవి కొసన చిన్న కత్తిరింపు దానికి గుర్తు. అలాంటి కుక్కను తరమొద్దు. ఆపరేషన్ నుంచి కోలుకునే రోజుల్లో అన్నం, నీళ్లు, నీడ చూడండి.

అశోకుడు మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశానని చెక్కించిన శాసనం మన కర్నూలు ప్రాంతపు ఎర్రగుడి బండల మీదా ఉంది. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లోనూ ప్రాణుల పట్ల కరుణ ఉంది.

ఆదివారం వందన తర్వాత చర్చించండి:

1. రోగికి సేవ చేసే ఐదు గుణాల్లో మీకు కష్టమైనది ఏది? ఎందుకు?
2. మీ ఇంట్లో జబ్బుపడ్డవాళ్ల పక్క బట్టలు ఎవరు ఉతుకుతారు? ఎప్పుడూ వాళ్లే ఎందుకు?
3. మీ వీధిలో కుంటుతున్న ప్రాణి ఏదైనా ఉందా? ఈ వారం దాని కోసం ఎవరెవరు ఏం చేస్తారు?

నమో బుద్ధాయ! జై భీమ్!