ఐబీ నుంచి బ్రిటన్‌ యూనివర్సిటీకి

ప్రశ్న: ఇంటర్నేషనల్‌ స్కూల్లో ఐబీ (ఇంటర్నేషనల్‌ బాకలారియెట్‌) చదివేవారు బ్రిటన్‌లో డిగ్రీకి ఎలా దరఖాస్తు చేసుకోవాలి?

జవాబు: బ్రిటన్‌లో డిగ్రీ ప్రవేశాలు ప్రధానంగా యూకాస్‌ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారా జరుగుతాయి. ఒకే దరఖాస్తుతో గరిష్ఠంగా 5 కోర్సులు ఎంచుకోవచ్చు. మెడిసిన్‌కైతే 4 మాత్రమే. ఒకే ఏడాది ఆక్స్‌ఫర్డ్‌, కేంబ్రిడ్జ్‌లలో సాధారణంగా ఏదో ఒకదానికే అవకాశం. ఈ రెండింటికి, మెడిసిన్‌కు గడువు అక్టోబరు 15. మిగతా చాలా కోర్సులకు జనవరి మధ్య వరకు ఉంటుంది.

కోర్సుల వెతుకులాట యూనివర్సిటీ ర్యాంకులతో కాక, కోర్సు అడిగే సబ్జెక్టులతో మొదలవ్వాలి. పేరున్న ఇంజినీరింగ్‌ కోర్సులు చాలావరకు ఐబీలో హయ్యర్‌ లెవెల్‌ మ్యాథ్స్‌ అడుగుతాయి. ఆ సబ్జెక్టు పదకొండో తరగతి మొదట్లోనే తీసుకోవాలి. పన్నెండులో తెలిస్తే దిద్దుకోవడం కష్టం.

దరఖాస్తులో రాసే పర్సనల్‌ స్టేట్‌మెంట్‌ 2026 ప్రవేశాల నుంచి మూడు ప్రశ్నలుగా మారింది: ఈ కోర్సే ఎందుకు, చదువు దానికెలా సిద్ధం చేసింది, బయట చేసిన కృషి ఏమిటి. మొత్తం 4,000 అక్షరాలు, ఖాళీలతో కలిపి. అన్ని యూనివర్సిటీలకూ వెళ్లేది ఇదే కాబట్టి ఏ ఒక్కదాని పేరూ రాయకూడదు. ‘సైన్స్‌ అంటే ఇష్టం’ అనడం కన్నా, చేసిన ఒక ప్రయోగంలో ఫలితం ఎక్కడ తప్పిందో, ఎందుకో వివరించడం ఎంతో మేలు.

టీచర్ల సిఫార్సు, అంచనా గ్రేడ్లు స్కూలే పంపుతుంది. వాటి ఆధారంగా వచ్చే ఆఫర్‌ సాధారణంగా షరతులతో ఉంటుంది. మే పరీక్షల ఫలితాలు జులైలో వచ్చాకే సీటు ఖాయం.