ఒకే దస్త్రము, అనేక యంత్రములు

మహబూబునగరులో నొకరును, నల్లగొండలో మరియొకరును, ఒకే రైలునందలి ఒకే బెర్తును ఒకే క్షణమున కోరిరనుకొందము. అది యిద్దరికిని ఏల దొరకదు? పాఠశాలలో ప్రవేశపు రిజిస్టరు ఒక్కటియే యుండుటచేత ఒకే సంఖ్య యిద్దరు బాలురకు పడదు. రెండు ప్రతులు వ్రాయించి యిద్దరు గుమాస్తాల కిచ్చినచో చిక్కు తప్పదు. రిజర్వేషనునందలి కీలకమును ఇదియే.

1999లో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, మద్రాసు, సికింద్రాబాదు రిజర్వేషను కేంద్రములు కాన్సర్టు అను ఏర్పాటుచే ఒండొంటితో కలుపబడెను. కేంద్రమున కంప్యూటరు ఒక్కటియే యున్నచో అది చెడిన దినమున టిక్కెట్లుండవు. కావున కొన్నింటిని గుంపుగా నిలిపిరి. దీనిని క్లస్టరందురు. మెయిన్‌ఫ్రేములకంటె చిన్నవైన యంత్రములతో నిట్టి గుంపును డిజిటల్ అను అమెరికా కంపెనీ 1983లో ప్రకటించెను. మన రైల్వేవారు వాడినది ఆ వంశములోనిదే.

ఇందు డిస్కులు అన్ని యంత్రములకును అందుబాటులో నుండును. దస్త్రమున ఒక పంక్తిని మార్చగోరు యంత్రము ముందుగా దానికి తాళము వేయవలెను. తక్కినవి అది విడుచువరకు ఆగవలెను. తాళముల లెక్కను యంత్రములు తమలో తామే పంచుకొని చూచుకొనును. ఐ.బి.యం. మెయిన్‌ఫ్రేములలో నడిచిన పద్ధతులలో నొకటి వేరు. అచ్చట ఒక్కొక్క దస్త్రసముదాయమునకు ఒక యంత్రము యజమాని. వ్రాయగోరు తక్కినవి దానిద్వారానే వ్రాయవలెను. యజమాని పడిపోయినచో ఎవరు స్వీకరింతురో ముందే నియమింపవలెను. మూలదస్త్రము లుమ్మడివే గాని, ప్రతి యంత్రమునకును తన సొంత అమరికలు, తాత్కాలికపు కాగితములు ఉంచుకొన చిన్న గది వేరుగా నుండును. ఉమ్మడి కుటుంబములో వంటయిల్లొకటి, పెట్టెలు వేరు!

అన్నిటికంటె కష్టమైనది యొకటి కలదు. యంత్రములు చెడలేదు, నడుమ తీగ మాత్రము తెగినది. అప్పుడు రెండు భాగములును ఎదుటివారు చనిపోయిరని తలచి, తామే వ్రాయబూనును. దస్త్రము నాశనమగును. అందువలన డిజిటల్ వారు ప్రతి యంత్రమునకు ఓటు నిచ్చిరి. సగమునకు మించి ఓట్లున్న భాగమే పని సాగించును, రెండవది స్తంభించును. పని నిలుచుట నష్టమే. అయినను చెడిన దస్త్రముకంటె నిలిచిన యంత్రము మేలని మా యభిప్రాయము. యంత్రములు రెండే యున్నచో సగమునకు మించుట యెట్లని విద్యార్థు లడుగవచ్చును. అప్పుడు మూడవ ఓటును ఉమ్మడి డిస్కున కిత్తురు. దానిని అందుకొన్న యంత్రము పనిలో నిలుచును.