రెండు రూపాయల వడ్డీ తెచ్చి మినీ రైస్ మిల్లు పెట్టొచ్చా? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క



దేశవాళీ వరి పండించే రైతు ధాన్యంగా అమ్మితే మిగిలేది తక్కువ, అదే బియ్యం చేసి విజయవాడలో నేరుగా ఇళ్లకు ఇస్తే ఎక్కువ. ఇది అందరికీ తెలిసిందే. దంపుడు బియ్యం ముందే ఆడించి పెట్టుకుంటే పురుగు పడుతుంది, ముక్కిపోతుంది. అందుకే ధాన్యంగా దాచుకుని ఆర్డరు వచ్చినప్పుడల్లా ఆడించుకోవడానికి సొంత మెషిన్ ఉంటే బాగుండునని చాలామందికి ఉంటుంది. వీడియోలో మెషిన్ పనితనం చూశారు. డబ్బు లెక్క ఇక్కడ చూద్దాం.

లెక్క కోసం కొన్ని అంకెలు అనుకుందాం. మెషిన్, చిన్న షెడ్డు, త్రీఫేజ్ కరెంటు కనెక్షన్ కలిపి 3,00,000 రూపాయలు. కరెంటు, కూలి, రబ్బరు రోలర్లు, రిపేర్లు అన్నీ పోను మెషిన్ వల్ల అదనంగా మిగిలేది మొదటి ఏడాది 50,000 (ఇంకా ఖాతాదారులు కుదరలేదు కాబట్టి), రెండో ఏడాది 80,000, తర్వాత మూడేళ్లు లక్ష చొప్పున. ఐదేళ్ల తర్వాత పాత మెషిన్ 50,000కి పోతుంది. అన్నీ కూడితే 4,80,000. పెట్టింది మూడు లక్షలు, కాబట్టి లాభం 1,80,000. మెషిన్ అమ్మేవాళ్లు చూపించేది ఈ లెక్కే. మనం కూడా కాగితం మీద ఇదే వేసుకుని సంతోషపడతాం.

ఇందులో తప్పేమిటంటే, ఐదేళ్ల తర్వాత వచ్చే లక్షను ఈ రోజు చేతిలో ఉన్న లక్షతో సమానంగా కూడేశాం. వడ్డీకి తెచ్చిన రైతుకు ఈ తేడా వేరే చెప్పక్కర్లేదు. రూపాయి వడ్డీకి 10,000 ఇస్తే ఏడాదికి 11,200, దాన్ని తిరగేసి ఇస్తే రెండేళ్లకు 12,544. చక్రవడ్డీ అందరికీ తెలుసు. ఇప్పుడు దాన్నే వెనక్కి నడపండి. రెండేళ్ల తర్వాత వచ్చే 12,544 ఈ రోజు లెక్కలో 10,000 మాత్రమే. అంటే ఏ ఏడాది డబ్బును ఆ ఏడాది వరకు పెరిగే చక్రవడ్డీతో భాగించాలి. రూపాయి వడ్డీ అయితే మొదటి ఏడాది మిగులును 1.12తో, రెండో ఏడాదిది 1.12ను 1.12తో గుణించగా వచ్చిన అంకెతో, అలా ఐదేళ్లూ. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు.

మన మెషిన్‌కు ఇలా వేస్తే ఏం వస్తుందో చూడండి.

బ్యాంకు లోను ఏడాదికి 9 శాతం అనుకుంటే, ఐదేళ్ల రాబడి ఈ రోజు విలువ సుమారు 3,59,000. అంటే లాభం 59,000.

సొంత డబ్బే, బయట ఇస్తే రూపాయి వడ్డీ వచ్చేది అనుకుంటే, విలువ 3,28,000. లాభం 28,000.

రెండు రూపాయల వడ్డీకి తెస్తే, అంటే ఏడాదికి 24 శాతం, విలువ 2,38,000. నష్టం 62,000.

మెషిన్ అదే, పనీ అదే, అమ్మే ధరా అదే. డబ్బు తెచ్చిన చోటు మారేసరికి లాభం నష్టమైంది. ఈ అంకెలతో ఆ మెషిన్ తట్టుకోగలిగింది దాదాపు రూపాయి పావలా వడ్డీ, అంతకు మించి కాదు. పక్క ఊళ్లో ఒకాయన పెట్టి బాగుపడ్డాడని మనం పెట్టేముందు, ఆయన డబ్బు ఎక్కడిదో అడగాలి. సొంత డబ్బుకు వడ్డీ లేదు కదా అనుకోవడం కూడా పొరపాటే. అది వేరే చోట సంపాదించేది వదులుకున్నాం, ఆ వదులుకున్నదే దాని వడ్డీ.

ఈ తూకం మన డెల్టాకు కొత్తేం కాదు. కాటన్ దొర కాలంలో, 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయింది. బ్రిటిష్ ప్రభుత్వం తర్వాత నీటి పనులను రెండు రకాలుగా విడదీసింది. పెట్టిన డబ్బు మీద వడ్డీకి సరిపడా నికర ఆదాయం తెచ్చేవి ఒక రకం, కరువు రక్షణకు కట్టేవి ఇంకో రకం. కాలువల దగ్గరా ముందు అడిగింది వడ్డీ సంగతే.

సబ్సిడీ గురించి ఒక మాట. పీఎంఎఫ్ఎంఈ పథకంలో ఆహార శుద్ధి యూనిట్లకు 35 శాతం, గరిష్టంగా 10 లక్షలు రాయితీ పెట్టారు. కానీ అది మొదటి రోజే చేతికొచ్చే డబ్బు కాదు. బ్యాంకులోనే ఉండి, లోను సక్రమంగా కడుతుంటే మూడేళ్ల తర్వాత సర్దుబాటు అవుతుంది. కాబట్టి మొదటి రోజే మెషిన్ ధరలోంచి తీసేయకండి. ఆ భాగంపై వడ్డీ పడుతుందా లేదా అని లోను సంతకం పెట్టేముందే బ్యాంకులో అడగండి.

ఇదే లెక్క ధాన్యం నిల్వకూ పనికొస్తుంది. డిసెంబరులో బస్తా 2,000 ఉంది, జులైలో రేటు వస్తుందని ఆపారనుకోండి. రెండు రూపాయల చొప్పున ఏడు నెలల వడ్డీ 280. ఎండి తగ్గే తూకం, ఎలుకలు తినేది, గోనె సంచుల ఖర్చు వేరే. జులైలో 2,250 పలికితే పెరిగింది కదా అని మురిసిపోతాం, నిజానికి చేతి డబ్బు పోయింది. అప్పులేని రైతు ఆపితే వేరు. వడ్డీ కడుతున్న రైతు ముందు సగమైనా అమ్మి అప్పు తీర్చుకోవడమే మంచిదని నా అభిప్రాయం. మరోవైపు మన మినుము చూడండి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చేలో చల్లితే 70, 80 రోజుల్లో చేతికొస్తుంది. దుక్కి ఖర్చు లేదు, పెట్టుబడి కొద్ది, అది నిలిచేదీ మూడు నెలల లోపే. వడ్డీ పెరిగే సందే ఉండదు.

మరి మెషిన్ వద్దా? వద్దని కాదు. డబ్బు ముందుకు వచ్చేలా చూసుకోవాలి. మొదటి ఏడాది వేరేవాళ్ల మెషిన్ మీద కూలికి ఆడించి ఖాతాదారులను కుదుర్చుకోండి. అప్పుడు మీ మెషిన్ 50,000 ఏడాదితో కాక 80,000 ఏడాదితో మొదలవుతుంది. రెండోది, అడ్వాన్సు. నలభై కుటుంబాలు డిసెంబరులో 2,500 చొప్పున ఇస్తే లక్ష. నెలనెలా బియ్యం ఇస్తూ ఆరు నెలల్లో తీర్చేస్తే, రెండు రూపాయల వడ్డీ లెక్కన మీకు 7,000 మిగులుతుంది. కిలో 70 రూపాయల బియ్యం వాళ్లకు 66కి ఇచ్చినా మీకు పోయేది 6,000 పైచిలుకే.

నేను వేసిన అంకెలు ఉదాహరణకే. మీ కొటేషన్, మీ ఖాతాదారుల సంఖ్య, మీకు దొరికే వడ్డీ పెట్టి మళ్లీ వేయండి. మొదటి ఏడాది మిగులును మీరు అనుకున్న దాంట్లో సగమే వేసి కూడా ఒకసారి చూడండి. అప్పటికీ లెక్క నిలబడితే అడ్వాన్సు కట్టండి.