శని గ్రహపు మంచు చందమామ – ఫోటోలు చెప్పిన నిజాలు



శని గ్రహానికి వలయాలున్నాయని మనం హైస్కూలు సైన్సు పుస్తకంలో చదువుకున్నాం. దాని చుట్టూ తిరిగే ఉపగ్రహాల గురించి మాత్రం ఒకటి రెండు వాక్యాలే ఉంటాయి. వాటిలో ఎన్సెలడస్ అనే చిన్న మంచు ఉపగ్రహం కథ చెబుతాను. అక్కడికి మనిషి ఎవరూ వెళ్ళలేదు, అక్కడి నుంచి చిన్న మంచుముక్క కూడా భూమికి తేలేదు. అయినా దాని గురించి ఇంత తెలిసిందంటే అందులో ఎక్కువ భాగం ఫోటోలను జాగ్రత్తగా చదవడం వల్లనే. అలా చదవడం మనకూ అవసరమే. ఎందుకో చివర్లో కొల్లేరు దగ్గర తెలుస్తుంది.

ఎన్సెలడస్ పరిచయం

దీన్ని 1789 ఆగస్టు 28న విలియం హెర్షెల్ కనుగొన్నాడు. దీని వ్యాసం సుమారు 504 కిలోమీటర్లు. అంటే ఏలూరులో రైలెక్కి చెన్నై వెళ్ళేటంత దూరం, అంతే. ఇది సుమారు 33 గంటల్లో శని చుట్టూ ఒకసారి తిరుగుతుంది. పైభాగమంతా మంచు. తన మీద పడ్డ ఎండను దాదాపు అంతా వెనక్కి పంపేస్తుంది కాబట్టి వేడి నిలవదు. అక్కడి ఉష్ణోగ్రత సున్నాకు దిగువన సుమారు 200 డిగ్రీల సెల్సియస్. ఇంత చిన్నది, ఇంత చల్లనిది కాబట్టి లోపల కూడా గడ్డకట్టుకుపోయి ఉంటుందని అనుకోవడం సహజం.

1981 ఆగస్టులో వాయేజర్-2 నౌక దీనికి సుమారు 87 వేల కిలోమీటర్ల దూరం నుంచి ఫోటోలు తీసింది. వాటిలో కొన్నిచోట్ల ఉల్కలు పడిన గుంటలు నిండుగా ఉన్నాయి. కొన్నిచోట్ల మాత్రం నేల నున్నగా ఉంది.

ఫోటోను చదవడం ఎలా?

మొదటి సూత్రం గుంటల లెక్క. కొత్తగా తారు వేసిన రోడ్డుకు గుంతలుండవు. ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతాయి. గాలి, వాన లేని ఉపగ్రహాల నేల కూడా అంతే. గుంటలు ఎక్కువుంటే పాత నేల, లేకపోతే కొత్త నేల. ఎన్సెలడస్ మీద నున్నటి చోట్లున్నాయంటే అక్కడ నేల మళ్ళీ కొత్తగా తయారైందన్న మాట. మరి గడ్డకట్టుకుపోయిన ఉపగ్రహం మీద రోడ్డు వేసిందెవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి 24 ఏళ్ళు పట్టింది.

రెండో సూత్రం నీడ. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు జెండా కర్ర నీడ కర్ర పొడవంతే ఉంటుంది. ఎండ పడే కోణం తెలిస్తే నీడను కొలిచి కొండ ఎత్తును, గుంట లోతును లెక్కకట్టవచ్చు. పదో తరగతిలో టాన్ విలువలు ఎందుకని విసుక్కునే తమ్ముళ్ళు ఇది గమనించాలి.

మూడో సూత్రం చుక్క కొలత. డిజిటల్ ఫోటో అంతా చిన్న చిన్న చుక్కలు. వీటినే పిక్సెళ్ళు అంటారు. కాసినీ నౌకలోని పెద్ద కెమెరా ఫోటోలో వరుసకు 1024 చుక్కల చొప్పున 1024 వరుసలుంటాయి. 10 లక్షల కిలోమీటర్ల దూరం నుంచి తీస్తే ఒక్కో చుక్కలో 6 కిలోమీటర్ల నేల పడుతుంది. అదే 1000 కిలోమీటర్ల నుంచి తీస్తే 6 మీటర్లే. మొదటి దూరం నుంచి మన ఏలూరు పట్టణమంతా రెండు మూడు చుక్కల్లో ఇరుక్కుంటుంది. రెండో దూరం నుంచి అయితే మన హాస్టల్ భవనాన్ని గుర్తుపట్టవచ్చు.

కాసినీ చూపించిన పులి చారలు

కాసినీ 1997 అక్టోబరు 15న బయలుదేరి, 2004లో శని కక్ష్యలోకి చేరింది. 2005 ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎన్సెలడస్ పక్కగా వెళ్ళినప్పుడు అందులోని అయస్కాంత పరికరానికి ఏదో వాయువు ఉన్న జాడ దొరికింది. ఆ పరికరం బాధ్యురాలైన శాస్త్రవేత్త మిషెల్ డఘర్టీ, ఆమె బృందం ఈసారి ఇంకా దగ్గరగా వెళ్ళాలని కోరారు. 1000 కిలోమీటర్ల ఎత్తు అనుకున్న ప్రయాణాన్ని మార్చి, 2005 జూలై 14న సుమారు 170 కిలోమీటర్ల ఎత్తు నుంచి నడిపారు.

అప్పుడు దక్షిణ ధ్రువం స్పష్టంగా కనబడింది. అక్కడ ఉల్కల గుంటలు దాదాపు లేవు. పక్కపక్కనే నాలుగు పెద్ద పగుళ్ళున్నాయి. ఒక్కోటి సుమారు 130 కిలోమీటర్ల పొడవు, అంటే దాదాపు విజయవాడ నుంచి ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా నిడదవోలు దాకా. లోతు అర కిలోమీటరు. వీటికి పులి చారలని పేరు వచ్చింది. చుట్టూ ఉన్న మంచు కంటే ఈ పగుళ్ళు వెచ్చగా ఉన్నాయని వేడిని కొలిచే పరికరం చెప్పింది. ఎన్సెలడస్ మీది ప్రదేశాలకు అరేబియన్ నైట్స్ కథల్లోని పేర్లు పెడతారు. అందుకే ఈ పగుళ్ళు బాగ్దాద్, కైరో, డమాస్కస్, అలెగ్జాండ్రియా అయ్యాయి. అల్లాదీన్, ఆలీబాబాల పేర్లతో గుంటలు కూడా ఉన్నాయి.

తొందరపడని శాస్త్రవేత్తలు

2005 జనవరి ఫోటోల్లోనే దక్షిణ ధ్రువం అంచున పల్చని వెలుగు కనిపించింది. కానీ కెరొలిన్ పోర్కో నాయకత్వంలోని కెమెరా బృందం వెంటనే ప్రకటించలేదు. అది కెమెరాలో చెదిరిన వెలుతురు కూడా కావచ్చు కదా! తాటాకింట్లో పొద్దున కప్పు సందులోంచి ఎండ పడినప్పుడు, వెలుగుకు ఎదురుగా నిలబడి చూస్తేనే గాలిలోని దుమ్ము మెరుస్తూ కనబడుతుంది. అదే విధంగా సూర్యుడు ఎన్సెలడస్ వెనుక వైపు ఉండేటట్లు చూసుకుని, 2005 నవంబరులో మళ్ళీ ఫోటోలు తీశారు. పులి చారల నుంచి మంచు రేణువులు, నీటి ఆవిరి ఫౌంటెన్లలా పైకి చిమ్ముతున్నాయి. ఇక సందేహం లేకపోయింది. శని బయటి వలయాల్లో ఒకటైన 'ఇ' వలయం ఈ రేణువులతోనే నిలబడి ఉందని కూడా తేలింది.

వేడి ఎక్కడిది? ఇనుప తీగను అటూ ఇటూ వంచుతూ ఉంటే వంచిన చోట వేడెక్కుతుంది. డయోన్ అనే మరో ఉపగ్రహం ఒక చుట్టు తిరిగేలోగా ఎన్సెలడస్ రెండు చుట్లు తిరుగుతుంది. ఈ లెక్క వల్ల దాని కక్ష్య పూర్తి గుండ్రంగా ఉండదు. శనికి కొంచెం దగ్గరవుతూ, కొంచెం దూరమవుతూ నలుగుతుంది. ఆ నలుగుడే వేడి.

కోడిగుడ్డు పరీక్ష

ఉడికిన గుడ్డును, పచ్చి గుడ్డును బల్ల మీద తిప్పి చూడండి. రెండూ ఒకేలా తిరగవు. కాసినీ ఏడేళ్ళకు పైగా తీసిన ఫోటోల్లో ఎన్సెలడస్ మీది గుర్తులను ఒక్కొక్కటిగా కొలిస్తే అది తిరుగుతూ కొద్దిగా ఊగుతోందని తేలింది. లోపల రాయికి, పైన మంచు పెంకుకు మధ్య నీరు ఉంటేనే అంత ఊగుతుంది. కాబట్టి మంచు కింద ఉపగ్రహమంతటా ఉప్పునీటి సముద్రం ఉందని 2015లో ప్రకటించారు. ఆ చిమ్మే నీటిలో హైడ్రోజన్ ఉందని 2017లో, ఫాస్ఫరస్ ఉందని 2023లో వెల్లడించారు. ఇవి జీవానికి పనికొచ్చేవే. జీవం ఉందని మాత్రం ఇంతవరకు రుజువు లేదు. 2017 సెప్టెంబరు 15న ఇంధనం అయిపోవస్తున్న కాసినీని శని వాతావరణంలోకే దించి ముగించారు. ఆ నౌక అదుపు తప్పి ఎన్సెలడస్ మీద పడితే అక్కడి నీరు కలుషితం కావచ్చని ఆ జాగ్రత్త.

మన కొల్లేరు ఫోటో

ఇప్పుడు ఇంటికి వద్దాం. 130 కోట్ల కిలోమీటర్ల అవతలి నీటిని చూపించిన విద్యే మన ముంగిట్లోని నీటిని కూడా చూపించింది. మన దేశపు ఐ.ఆర్.ఎస్-1డి ఉపగ్రహం 2001లో తీసిన చిత్రాన్ని పరిశీలించిన శాస్త్రవేత్తలు కొల్లేరు మాయమవుతోందని 2004లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. సుమారు 245 చదరపు కిలోమీటర్ల సరస్సులో దాదాపు 42 శాతం చేపల చెరువులే ఉన్నాయని తేల్చారు.

ఆ కెమెరాలో ఒక చుక్కకు 23.5 మీటర్ల నేల. ఎకరానికి సుమారు 7 చుక్కలు. ఎన్సెలడస్ పగుళ్ళు వంకరటింకరగా ఉంటాయి. ప్రకృతి గీసిన గీత అలాగే ఉంటుంది. కొల్లేరు చిత్రంలో స్కేలు పెట్టి గీసినట్టు నలుచదరాలు కనిపిస్తే అవి మనిషి వేసిన గట్లు. ఈ చిత్రాల్లో పచ్చదనాన్ని ఎర్ర రంగులో చూపిస్తారు. వరిచేను, గుర్రపుడెక్క, కిక్కిస అన్నీ ఎర్రగానే ఉంటాయి. ఏది ఏదో తేల్చుకోవాలంటే పడవెక్కి వెళ్ళి చూడాల్సిందే.

కొల్లేరు ఎండినా, పూడినా నష్టం పక్షులకు మాత్రమే కాదు. బుడమేరు, తమ్మిలేరు వరదను పట్టి ఉంచి, ఉప్పుటేరు ద్వారా సముద్రంలోకి వదిలేది ఈ సరస్సే. నీరు నిలిచే చోటు తగ్గితే వరద మన పేటల్లోకి వస్తుంది. 1999లో ఐదో కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో అందులోని చెరువుల గట్లు తెగ్గొట్టారు.

అయితే తమ్ముళ్ళూ, ఫోటోలో కనిపించనివి కూడా ఉన్నాయి. చెరువు కనిపిస్తుంది, అది ఎవరి చేతిలో ఉందో కనిపించదు. గట్టు కనిపిస్తుంది, దాని మీద రాత్రంతా కాపలా ఉన్న మనిషి కూలి ఎంతో కనిపించదు. గట్టు తెగితే యజమానికి పెట్టుబడి పోతుంది, కూలికి ఆ పూట అన్నం పోతుంది. మా అమ్మానాన్నలు చేపల చెరువుల మీద కూలికి వెళ్ళినవారే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ చిత్రాలను మొదటిసారి కంప్యూటర్ మీద చూసినప్పుడు నలుచదరాల లెక్క ఎవరైనా చెప్పగలరనిపించింది. గట్టు మీది మనిషి సంగతి కూడా కలిపి చెప్పాలంటే మన ఇళ్ళ నుంచి వెళ్ళిన పిల్లలు ఆ కంప్యూటర్ల ముందు కూర్చోవాలి. అందుకు లెక్కలు, భౌతికశాస్త్రం, భూగోళశాస్త్రం శ్రద్ధగా చదవాలి. ఎమ్మెస్సీలో, ఎంటెక్‌లో రిమోట్ సెన్సింగ్ కోర్సులున్నాయి. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం పనే ఇది.

ఈ సెలవుల్లో చేయండి

1. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్న వేళ కనిపెట్టి, నీడ కొలిచి హాస్టల్ నీళ్ళ ట్యాంకు ఎత్తు లెక్కకట్టండి.
2. ఎన్సెలడస్ వ్యాసం 504 కిలోమీటర్లు. 10 లక్షల కిలోమీటర్ల నుంచి కాసినీ తీసిన ఫోటోలో అది ఎన్ని చుక్కల వెడల్పు ఉంటుంది? (జవాబు: 84)
3. సెల్‌ఫోన్ మ్యాపులో ఉపగ్రహ చిత్రం తెరిచి మీ ఊరు చూడండి. వంకర గీతలేవి, తిన్నని గీతలేవి? తిన్నని గీత కనిపించిన చోటికి నడిచి వెళ్ళి, అక్కడ ఇంతకు ముందు ఏముండేదో మీ తాతయ్యను, అమ్మమ్మను అడిగి నోటుబుక్కులో రాసుకోండి.