రూపాయల కన్నా ముందు యూనిట్లు: కరెంటు బిల్లుపై ప్రశ్నలు - జవాబులు

ఎండలు ముదిరాయంటే కరెంటు బిల్లులపై ఉత్తరాలు పెరుగుతాయి. చాలామంది బిల్లు అందగానే కింద ఉన్న మొత్తాన్ని చూస్తారు, కట్టేస్తారు లేదా కోప్పడతారు. అసలు సంగతి పైవరసల్లో ఉంటుంది: పాత రీడింగ్, కొత్త రీడింగ్, వాటి తేదీలు, యూనిట్లు, కేటగిరీ. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో దాదాపు అన్నిటికీ జవాబు ఆ వరసల్లోనే మొదలవుతుంది.

ప్రశ్న: పోయిన నెల 198 యూనిట్లు కాలాయి, ఈ నెల 204. ఆరు యూనిట్లకే బిల్లు రెండు వందలకు పైగా పెరిగింది. ఎక్కడో పొరపాటు జరిగింది కదా? (ఒక గృహిణి, కూకట్‌పల్లి)

లెక్క సరిగ్గానే ఉంది. తెలంగాణలో గృహ వినియోగదారులను నెల వాడకాన్నిబట్టి మూడు వర్గాలు చేశారు: వంద యూనిట్ల లోపు, వంద నుంచి రెండు వందలు, రెండు వందల పైన. వర్గం మారితే కొత్తగా కాల్చిన యూనిట్లకే కాదు, మొదటి యూనిట్ నుంచీ రేటు మారిపోతుంది.

2022-23 టారిఫ్ ఉత్తర్వు ప్రకారం రెండు వందల లోపు వారికి మొదటి వంద యూనిట్లు రూ.3.40 చొప్పున, తర్వాతి వంద రూ.4.80 చొప్పున పడతాయి. ఆ రేట్లతో 198 యూనిట్లకు రూ.810.40. రెండు వందలు దాటితే మొదటి రెండు వందల యూనిట్లకూ రూ.5.10, ఆపై మూడు వందల వరకు రూ.7.70. అంటే 204 యూనిట్లకు రూ.1,050.80. తేడా రూ.240. ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, యూనిట్‌కు ఆరు పైసల విద్యుత్ సుంకం దీనికి అదనం. 2024లో మొదలైన గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు అందుకుంటున్న కుటుంబమైతే దెబ్బ ఇంకా పెద్దది. రెండు వందలు దాటిన నెలలో మొత్తం బిల్లూ కట్టుకోవాలి.

కట్టేముందు బిల్లు మీద రెండు రీడింగ్ తేదీలు చూడండి. మధ్యలో 34 రోజులు ఉన్నాయనుకుందాం. 204 యూనిట్లను 34తో భాగిస్తే రోజుకు ఆరు, అంటే ముప్పై రోజులకు 180. మీటర్ రీడర్ నాలుగు రోజులు ఆలస్యంగా రావడమే మిమ్మల్ని పై వర్గంలోకి నెట్టిందన్నమాట. అలాంటప్పుడు రోజుల లెక్కన స్లాబు సరిచేయాలని ఈఆర్‌ఓ (విద్యుత్ రెవెన్యూ) కార్యాలయంలో రాతపూర్వకంగా అడగండి. 2020 లాక్‌డౌన్‌లో రీడింగులు ఆగిపోయినప్పుడు తెలంగాణ డిస్కంలు (విద్యుత్ పంపిణీ సంస్థలు) జూన్‌లో మొత్తం యూనిట్లను నెలలకు పంచే స్లాబులు కట్టాయి. ప్రతి నెలా ఒకే తేదీన మీరే మీటరును ఫొటో తీసి ఉంచుకుంటే మీ మాటకు ఆధారం ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ పాఠకులకు ఈ బాధ లేదు. అక్కడ 2022లో వర్గాలు తీసేసి, గృహ వినియోగదారులందరికీ ఒకే స్లాబుల వరుస పెట్టారు. ఆ ఉత్తర్వులోని రేట్లతో 225 యూనిట్లకు రూ.1,017. మరో యూనిట్ కాల్చితే ఆ ఒక్క యూనిట్‌కే రూ.8.75 పడుతుంది, కిందివాటి రేటు కదలదు. విద్యుత్ నియంత్రణ మండలి ఏటా కొత్త ఉత్తర్వు ఇస్తుంది కాబట్టి లెక్క వేసుకునే ముందు ఆ ఏటి రేట్లు చూసుకోవడం మంచిది.

ప్రశ్న: మా మీటరు పరుగెత్తుతోందని అనుమానం. ఇంట్లో మనుషులు తగ్గారు, బిల్లు తగ్గలేదు. ఎవరిని నమ్మాలి? (విశ్రాంత ఉపాధ్యాయుడు, రాజమహేంద్రవరం)

ముందు మీ కళ్లను నమ్మండి. మెయిన్ స్విచ్ లేదా ఎంసీబీ దించేసి మీటరు దగ్గర ఐదు నిమిషాలు నిలబడండి. ఎలక్ట్రానిక్ మీటరు మీద మెరిసే చిన్న ఎర్రలైటు పూర్తిగా ఆగిపోవాలి. ఇంకా మెరుస్తుంటే మీటరుకూ మీ మెయిన్‌కూ మధ్య ఎవరో తీగ తగిలించారనో, అక్కడి వైరింగు చెడిందనో, మీటరులోనే లోపముందనో అర్థం. సెక్షన్ ఆఫీసుకు కబురు పెట్టండి. మీటరు సీలు మాత్రం మీరు ముట్టుకోకండి. సీలు చెదిరితే దొంగతనం కేసుకు దారి తీయవచ్చు.

లైటు ఆగిపోయిందంటే రెండో పరీక్ష. మీటరు మీద 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ వంటి అంకె ముద్రించి ఉంటుంది. లైటు 3200 సార్లు మెరిస్తే ఒక యూనిట్ అని దానర్థం. ఇంట్లో అన్నీ ఆపేసి, వెయ్యి వాట్ల వాటర్ హీటర్ రాడ్డును నీళ్ల బకెట్లో పెట్టి స్విచ్ వేయండి. నీళ్లలో చేయి పెట్టవద్దు. నిమిషానికి సుమారు 53 మెరుపులు రావాలి. వోల్టేజి 210కి పడిపోతే 44 దాకా తగ్గుతాయి, 240 ఉంటే 58 వరకు రావచ్చు. మళ్లీ మళ్లీ లెక్కించినా డెబ్బై, ఎనభై వస్తుంటే ఫిర్యాదుకు తగిన కారణం దొరికినట్టే.

ఇళ్లకు బిగించే మీటరు తప్పు సాధారణంగా ఒక శాతం లోపు ఉండాలి. వినియోగదారుల హక్కుల నిబంధనలు 2020లో వచ్చాయి. వాటికి 2024లో జరిగిన సవరణ ప్రకారం, రీడింగ్ వాడకానికి సరిపోలడం లేదని ఫిర్యాదు చేస్తే డిస్కం ఐదు రోజుల్లో మరో మీటరు పక్కన బిగించి, కనీసం మూడు నెలలు రెంటినీ పోల్చి చూడాలి. స్మార్ట్ మీటరు మీద అనుమానం ఉన్నవారికీ ఇదే దారి. స్మార్ట్ మీటరు రీడింగును తనంతట తానే పంపిస్తుంది కానీ, యూనిట్ అంటే దానికీ వెయ్యి వాట్లు గంటసేపే.

చివరగా ఒక మాట. మనుషులు తగ్గినంత మాత్రాన వాడకం తగ్గిపోదు. ఫ్రిజ్, బోరు మోటారు, రాత్రంతా తిరిగే ఫ్యాన్లు ఇద్దరికైనా ఐదుగురికైనా దాదాపు ఒకేలా కాలతాయి.

ప్రశ్న: మేము పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. మీటరు మీద ఈఎల్ అని రాసి ఉన్న లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. ఫర్వాలేదా? (ప్రైవేటు ఉద్యోగి, హనుమకొండ)

ఫర్వాలేదనడానికి వీల్లేదు. ఆ లైటు ఎర్త్ లీకేజీకి గుర్తు. ఫేజ్ తీగలో వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ తీగలో తిరిగి రాకపోతే అది వెలుగుతుంది.

రెండు పోర్షన్ల ఇళ్లలో తరచూ కనిపించే కారణం ఒకటుంది. పనివాడు తీగ కలిసొస్తుందని రెండు పోర్షన్ల న్యూట్రళ్లను ఒకే చోట ముడివేస్తాడు. అప్పుడు కింది వాళ్ల కరెంటు కొంత మీ న్యూట్రల్ గుండా వస్తుంది. ఇప్పటి మీటర్లలో చాలావరకు ఫేజ్, న్యూట్రల్ రెంటిలో ఏది ఎక్కువైతే దాన్నే లెక్కకు తీసుకుంటాయి. కింద మిక్సీ తిరిగినా మీ మీటరు కదిలే అవకాశం ఉందన్నమాట. మీ ఇంట్లో అన్నీ ఆపేసి, కింది పోర్షన్ వారిని గీజరు వేయమనండి. మీ మీటరులో మార్పు కనిపిస్తే ఇంటి ఓనరుకు అక్కడే చూపించవచ్చు.

రెండో కారణం ప్రమాదకరమైనది. గీజరు కాయిల్, మోటారు వైండింగ్, తడిసిన గోడలోని తీగ వంటివి కరెంటును నేలలోకి వదులుతుంటాయి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత ఒక్కో సర్క్యూట్ విప్పించి చూపించండి. లీకేజీ రాగానే కరెంటు ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించమని ఓనరును అడగండి. ఇది బిల్లుతో ఆగే విషయం కాదు, పిల్లల ప్రాణాలతో ముడిపడినది.

ప్రశ్న: లైట్లన్నీ ఎల్‌ఈడీకి మార్చాం. అయినా బిల్లు పెద్దగా తగ్గలేదు. ఇంకేం చేయాలి? (విజయవాడ)

లైట్ల వాటా చిన్నది కాబట్టి ఆదా కూడా చిన్నదే. వేడి చేసేవి, చల్లబరిచేవి, ఎక్కువసేపు తిరిగేవి చూడాలి.

పాత రకం సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు దాదాపు 34 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్లతో అంతే గాలి ఇస్తుంది, నెలకు పదమూడున్నర యూనిట్లు కాలుతుంది. మూడు ఫ్యాన్లు మారిస్తే నెలకు అరవై యూనిట్లు మిగులుతాయి. ఆ అరవై మీ బిల్లులో పై స్లాబు నుంచి తగ్గుతాయి కాబట్టి లాభం సగటు రేటు కన్నా ఎక్కువ. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి. కొనేటప్పుడు నక్షత్రాలతో పాటు వాట్లు కూడా చదవండి.

25 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి ఒక యూనిట్ అవుతుంది. ఏ కంపెనీ గీజరైనా ఈ లెక్క తప్పదు. కాగిన నీళ్లలో సగం చన్నీళ్లు కలుపుకునే ఇంట్లో థర్మోస్టాట్‌ను 45కి దించుకోవచ్చు, స్నానానికి పావుగంట ముందు వేసుకుంటే చాలు.

ఏసీ మీద లేబుల్‌లో రాసే ఏడాది యూనిట్లు 1600 గంటల వాడకానికి కట్టిన లెక్క. విజయవాడ ఎండల్లో పగలూ రాత్రీ ఏసీ వేసేవారు అంతకు మించిపోతారు, కాబట్టి ఎక్కువ నక్షత్రాలకు పెట్టిన డబ్బు ఇక్కడ త్వరగా తిరిగొస్తుంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. 26లో పెట్టి, పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పుకోండి.

ప్రశ్న: బిల్లులో ఏసీడీ అని పెద్ద మొత్తం వేశారు. ఇది ఏ వాడకానికి? అద్దెకుండే మేమెందుకు కట్టాలి? (కరీంనగర్)

ఇది వాడకానికి వేసిన ఛార్జీ కాదు, అదనపు వినియోగ డిపాజిట్. కరెంటు ముందు వాడుకుని డబ్బు తర్వాత కడతాం కనుక, సుమారు రెండు నెలల బిల్లుకు సరిపడా డిపాజిట్ డిస్కం దగ్గర ఉండాలన్నది నియమం. కనెక్షన్ తీసుకున్న నాటి కన్నా వాడకం పెరిగితే ఆ తేడా అడుగుతారు. 2023 జనవరిలో తెలంగాణ ఉత్తర జిల్లాల బిల్లుల్లో ఇది ఒక్కసారిగా కనిపించేసరికి జనం రోడ్డెక్కారు.

2003 విద్యుత్ చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం ఈ డిపాజిట్ మీద వడ్డీ ఇవ్వాలి. ఏడాదికోసారి ఆ వడ్డీ బిల్లులో జమ అయిందో లేదో చూసుకోండి. డిపాజిట్ కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారిదే, ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మీ చేతికి రాదు. అందుకే కట్టిన రసీదు చూపించి ఆ మొత్తాన్ని అద్దెలో మినహాయించుకోవడం న్యాయం. ఓనరుతో ఈ మాట ముందే రాసుకుంటే తగవు ఉండదు.

ప్రశ్న: డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఏడాదికో కరెంటు కంపెనీ మారుస్తానంటాడు. మనకు ఆ వీలు ఎందుకు లేదు? (గుంటూరు)

టెక్సాస్‌లో ఎక్కువ ప్రాంతాల్లో 2002 నుంచి ఆ వీలుంది. తీగలు, స్తంభాలు ఒక కంపెనీవి, కరెంటు అమ్మేవి అనేక కంపెనీలు. అక్కడా ఆస్టిన్, శాన్ ఆంటోనియోల్లో మాత్రం నగర సంస్థల దగ్గరే కొనాలి. ఎంపికలో ప్రమాదమూ ఉంది. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో టోకు ధర యూనిట్‌కు 9 డాలర్లకు చేరింది. ఆ ధరకు ముడిపెట్టిన ప్లాన్లు తీసుకున్న కుటుంబాలకు వేల డాలర్ల బిల్లులు వచ్చాయి. మీ అబ్బాయి ప్లాను స్థిర ధరదో కాదో ఒకసారి అడగండి.

మన దగ్గర ఏ ఊరికి ఆ డిస్కమే. ఇళ్లకు కరెంటు ఇచ్చే డిస్కంలు తెలంగాణలో రెండు, ఆంధ్రప్రదేశ్‌లో మూడు ఉన్నాయి. దేశంలో ముంబయి శివార్లలో మాత్రం టాటా, అదానీల మధ్య ఎంచుకునే వీలుంది. ఒకే లైను మీద పలు కంపెనీలను అనుమతించే బిల్లు 2022లో లోక్‌సభకు వచ్చి స్థాయీ సంఘానికి వెళ్లింది, చట్టం కాలేదు.

కంపెనీని మార్చలేని మనకు ఉన్న ఆయుధం నియంత్రణ మండలి బహిరంగ విచారణ. డిస్కంలు ఏటా పెట్టుకునే ఛార్జీల ప్రతిపాదనలపై ఏ వినియోగదారుడైనా అభ్యంతరం రాసి పంపవచ్చు, స్వయంగా మాట్లాడవచ్చు. 2000 ఆగస్టు 28న ఛార్జీల పెంపును వ్యతిరేకిస్తూ హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపితే ప్రాణాలు పోయాయి. ఛార్జీల మీద నోరు విప్పే హక్కు ఎంత విలువైనదో ఈ రెండు రాష్ట్రాలకూ తెలుసు. మీ వీధి సంక్షేమ సంఘం తరఫున ఈ ఏడాది ఒక్క అభ్యంతరమైనా వెళ్లేలా చూడండి.

ప్రశ్న: నెలకు 250 యూనిట్లు కాలుతున్నాయి. డాబా మీద సోలార్ పెట్టించాలా? (అనంతపురం)

మీ ఎండకు సోలార్ తగినదే. ఒక కిలోవాట్ పలకలు రోజుకు సుమారు నాలుగు యూనిట్లు ఇస్తాయి, రెండు కిలోవాట్లు పెడితే నెలకు 240. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద రెండు కిలోవాట్లకు రూ.60,000, మూడింటికీ ఆపైకీ రూ.78,000 రాయితీ ఉంది. రాయితీ మీ బ్యాంకు ఖాతాలోకే వస్తుంది. కిలోవాట్‌కు వంద చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. పక్కింటి వాటర్ ట్యాంకు నీడ మధ్యాహ్నం ఎటు పడుతుందో చూసుకుని సంతకం పెట్టండి. నెట్ మీటరు బిగించేదాకా మిగులు యూనిట్లు మీ లెక్కలో పడవు, ఫిక్స్‌డ్ ఛార్జీ ఎలాగూ ఉంటుంది.

ప్రశ్న: ఎప్పుడూ వెయ్యి దాటని బిల్లు ఈసారి పద్నాలుగు వేలు వచ్చింది. కట్టకపోతే లైను తీసేస్తామంటున్నారు. (చిరు వ్యాపారి, ఖమ్మం)

భయపడవద్దు. విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం పదిహేను రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వకుండా బకాయికి లైను తీయకూడదు. వివాదం తేలేలోపు అడిగిన మొత్తం లేదా గత ఆరు నెలల సగటు బిల్లు, ఏది తక్కువైతే అది అభ్యంతరంతో చెల్లిస్తే లైను తీయడానికి వీల్లేదు. మీ విషయంలో అది వెయ్యి లోపే ఉంటుంది.

ముందు మీటరులోని రీడింగును బిల్లులోని రీడింగుతో పోల్చండి. తప్పుగా ఎక్కించిన ఒక్క అంకె కూడా ఇంత బిల్లు తెస్తుంది. తర్వాత 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు)కి అర్జీ ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి. అక్కడ తేలకపోతే డిస్కంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు రాయండి. లాయరు అక్కర్లేదు. ఆ తీర్పు నచ్చకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. అర్జీకి మీటరు ఫొటో, గత ఆరు నెలల బిల్లులు, సగటు మొత్తం కట్టిన రసీదు జతచేయండి. ఆ చెల్లింపు అర్జీలో ‘అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అన్న వాక్యం, 56వ సెక్షన్ ప్రస్తావన తప్పక ఉండాలి.